తెలియనివ్వని ప్రమాదం: విమాన సిబ్బంది ఆరోగ్యం, సమాజ బాధ్యత

(చెన్నేకొత్తపల్లిలో చేసిన స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



స్మారకోపన్యాసం సాధారణంగా ఒక వ్యక్తి పేరు మీద జరుగుతుంది. ఈ సభను నిర్వాహకులు, విధి నిర్వహణలో ఉండగా ప్రాణాలు కోల్పోయిన విమాన సిబ్బంది అందరి స్మృతికి అంకితం చేశారు. పైలట్లు, కేబిన్ సిబ్బంది, వైమానిక దళ సభ్యులు ఇందులో ఉన్నారు. వారిలో చాలామంది పేర్లు ప్రమాదం జరిగిన వారం పత్రికల్లో కనిపించి, ఆ తరవాత విచారణ నివేదికల అనుబంధాలకే పరిమితమైనవి. అలాంటివారిని తలచుకునే సభలో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి.

ఈ నేలకూ ఈ విషయానికీ సంబంధం ఉంది. పుట్టపర్తిలో 1990 నవంబరు నుంచి విమానాశ్రయం ఉంది. మన ఊరిని ఆనుకుని పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళ్తే దేవనహళ్లి అంతర్జాతీయ విమానాశ్రయం వస్తుంది. ఆ దారిలోనే ఇంకా ముందుకు సాగితే, బెంగళూరులో భారత వైమానిక దళం నడిపే ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. 1957లో చిన్న శిక్షణ పాఠశాలగా మొదలైన ఆ సంస్థలోనే మన యుద్ధ పైలట్ల శరీరాలను పరీక్షిస్తారు. హైదరాబాదులో చదువుకుని అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మకూ, గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురికీ పరీక్షలు జరిగింది అక్కడే. మనిషి ఎంత ఎత్తును, ఎంత వేగాన్ని, ఎంత ఒత్తిడిని తట్టుకోగలడన్న ప్రశ్నకు ఈ దేశంలో సమాధానం వెతికే ప్రధాన స్థలం మనకు ఒక పూట ప్రయాణ దూరంలోనే ఉంది.

ఈ సాయంత్రం నేను మీ ముందు ఉంచదలచిన వాదన ఒకటే. ఆకాశంలో మనిషికి కలిగే హానుల్లో అత్యంత ప్రమాదకరమైనవి, ముందుగా అతని వివేచననే దెబ్బతీస్తాయి. హాని జరుగుతోందని గుర్తించాల్సిన మెదడే మొదట మసకబారుతుంది. కనుక విమాన సిబ్బంది ఆరోగ్యాన్ని వారి ధైర్యానికో, స్వీయ నియంత్రణకో వదిలేయడం శాస్త్రానికి విరుద్ధం. దాన్ని యంత్రం కాపాడాలి, నియమం కాపాడాలి, చివరికి సమాజం కాపాడాలి. ప్రాణవాయువు కొరత విషయంలో లోకం ఈ పాఠం నేర్చుకోవడానికి సుమారు ఒక శతాబ్దం పట్టింది. అలసట విషయంలో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. మానసిక ఒత్తిడి విషయంలో ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

ఎత్తు

1862 సెప్టెంబరు 5న ఇంగ్లండులో జేమ్స్ గ్లేషర్ అనే వాతావరణ శాస్త్రవేత్త, హెన్రీ కాక్స్‌వెల్ అనే బెలూన్ చోదకుడు ఆకాశంలోకి లేచారు. ఎవరెస్టు ఎత్తుకు దగ్గరగా చేరేసరికి గ్లేషర్ చేతులు, మెడ పట్టుతప్పి, చూపు పోయి, స్పృహ తప్పింది. కాక్స్‌వెల్ చేతులు చలికి బిగుసుకుపోగా, వాయువును వదిలే తాడును పళ్లతో లాగి బెలూన్‌ను దింపాడు. ఇద్దరూ బతికారు.

పదమూడేళ్ల తరవాత 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో జెనిత్ అనే బెలూన్ ఎక్కిన ముగ్గురికి ఆ అదృష్టం దక్కలేదు. వారు అజ్ఞానంతో వెళ్లినవారు కారు. పాల్ బెర్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త పీడనం తగ్గించే గదిలో వారిలో ఇద్దరిని ముందే కూర్చోబెట్టి, పలచని గాలిలో ఏం జరుగుతుందో చూపించాడు. ఆక్సిజన్ నింపిన సంచులు కూడా వెంట తీసుకెళ్లారు. అది చాలదని బెర్ట్ రాసిన ఉత్తరం ఆలస్యంగా చేరింది. 8,000 మీటర్లు దాటే వేళకు చేతికి అందే దూరంలో ఉన్న గొట్టాన్ని నోటికి తెచ్చుకునే శక్తి వారికి లేకపోయింది. క్రోసె-స్పినెల్లి, సివెల్ మరణించారు. గాస్తోన్ తిస్సాందియే వినికిడి కోల్పోయి ప్రాణాలతో దిగాడు. తరవాత అతను చెప్పిన అనుభవంలో బాధ లేదు, భయం లేదు. ఆ ఎత్తులో తనకు ఒక విధమైన సంతోషం కలిగిందని చెప్పాడు.

విమాన వైద్యశాస్త్రానికి అసలైన ఆరంభం ఆ సాక్ష్యంలో ఉందని నేను భావిస్తాను. మృత్యువు దగ్గరపడుతుంటే మనిషికి సంతోషం ఎందుకు కలిగింది? గాలిలో ఆక్సిజన్ పాలు ఎంత ఎత్తుకు వెళ్లినా సుమారు 21 శాతమే. పడిపోయేది పీడనం. 18,000 అడుగుల దగ్గర అది నేల మీద ఉన్నదానిలో సగం. విమానాలు ఎగిరే 35,000 అడుగుల దగ్గర దాదాపు నాలుగో వంతు. పీడనం తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ చేరడం తగ్గిపోతుంది. అయితే మనకు ఊపిరాడడం లేదన్న బాధ ప్రధానంగా పుట్టేది ఆక్సిజన్ తగ్గినందువల్ల కాదు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకున్నందువల్ల. ఎత్తులో శరీరం వేగంగా ఊపిరి తీస్తూ ఆ వాయువును బయటికి పంపేస్తుంది. అందువల్ల మెదడు ఆకలితో ఉన్నా గుండెల్లో ఉక్కిరిబిక్కిరి ఉండదు. హెచ్చరించే గంట మోగనే మోగదు. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో కనుగొన్నందుకే 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. కణం గుర్తిస్తుంది, దానికి తగ్గట్టు తన పని మార్చుకుంటుంది. మనిషికి మాత్రం ఆ కబురు అందదు.

పైలట్లకు శిక్షణ ఇచ్చే అల్పపీడన గదుల్లో ఇప్పటికీ ఈ సంగతిని అనుభవపూర్వకంగా నేర్పుతారు. 25,000 అడుగులకు సమానమైన పీడనంలో మాస్కు తీయించి, కాగితం మీద పేరు రాయమంటారు, చిన్న తీసివేతలు చేయమంటారు. రెండు మూడు నిమిషాల్లో అక్షరాలు వంకరలు తిరుగుతాయి, లెక్క తప్పుతుంది. రాస్తున్నవారికి మాత్రం తాము చక్కగా రాస్తున్నామనే అనిపిస్తుంది. ఆ ఎత్తులో పనికొచ్చే స్పృహ మిగిలేది మూడు నుంచి ఐదు నిమిషాలు. 35,000 అడుగుల్లో అర నిమిషం నుంచి నిమిషం లోపు.

ఈ జ్ఞానం స్థిరపడ్డాక లోకం చేసిన పని గమనించదగ్గది. ఇంకా ధైర్యంగా ఉండమని పైలట్లకు ఎవరూ ఉపదేశించలేదు. విమానాన్నే మార్చారు. 1945లో బేగంపేట కేంద్రంగా మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాల్లో లోపలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు. అవి తక్కువ ఎత్తులోనే ఎగరాల్సి వచ్చేది. 1957లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వైకౌంట్ విమానాలు వచ్చాక పీడనం నిలిపిన కేబిన్ మన ప్రయాణికులకు అలవాటైంది. ఈనాడు విమానం ఎంత ఎత్తులో ఉన్నా లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తుకు మించిన పలచదనంలోకి పోకూడదన్నది నియమం. కొత్త తరం బోయింగ్ 787లో అది 6,000 అడుగులు. పీడనం పడిపోతే మాస్కులు వాటంతట అవే జారతాయి. మనిషి వివేచన మీద ఆధారపడకుండా రక్షణ కల్పించడం అంటే ఇదే.

అంత చేసినా ఆ పాఠాన్ని మరిచినచోట మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ బయలుదేరిన హీలియోస్ విమానంలో పీడనాన్ని నియంత్రించే మీట, నేల మీది తనిఖీ తరవాత, మాన్యువల్ స్థితిలోనే ఉండిపోయింది. పైకి వెళ్తుండగా హెచ్చరిక మోగింది. టేకాఫ్‌కు సంబంధించిన మరో హెచ్చరికకూ అదే శబ్దం. పైలట్లు దాన్ని ఆ రెండోదిగా పొరబడ్డారు. పొరబాటును సరిదిద్దుకునేలోపే తెలివి జారిపోయింది. 121 మంది మరణించారు. మసకబారే మెదడుతో మాట్లాడే హెచ్చరిక ఎంత స్పష్టంగా ఉండాలో ఆ ప్రమాదం చూపింది. పీడనం తగ్గినప్పుడు ప్రత్యేకంగా వెలిగే దీపాలు ఉండాలన్న నియమం ఆ తరవాత వచ్చింది.

ఎత్తుకు సంబంధించిన మరో హాని మరింత నిశ్శబ్దమైనది. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5,000 మీటర్లు దాటి వెళ్లి, పైకి పోయే కొద్దీ వికిరణం పెరుగుతోందని కనుగొన్నాడు. ఈ విశ్వకిరణాల అధ్యయనంలో తెలుగు నేలకూ చోటుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా హైదరాబాదు నుంచి పెద్ద బెలూన్లను ఎగరేస్తోంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడ ఆ కిరణాలు తక్కువగా చొరబడతాయి. ధ్రువాల దిక్కుకు పోయే కొద్దీ ఎక్కువవుతాయి. అందుకే హైదరాబాదు–బెంగళూరు మధ్య తిరిగే సిబ్బందికీ, ఖండాంతర మార్గాల్లో తిరిగేవారికీ అందే మోతాదు ఒకటి కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరిన ఎయిరిండియా విమానాన్ని నడిపినవారందరూ మహిళలే. జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఆ ప్రయాణాన్ని పూర్తిచేశారు. ఆ విజయాన్ని దేశం ఘనంగా చెప్పుకుంది. అలాంటి మార్గాల్లో ఏళ్ల తరబడి పనిచేసేవారి శరీరంలో చేరే వికిరణం లెక్క గురించి కూడా అంతే శ్రద్ధగా మాట్లాడుకోవాలి. వికిరణ రక్షణపై అంతర్జాతీయ సంఘం 1990లోనే దీన్ని వృత్తిపరమైన మోతాదుగా గుర్తించింది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో అమెరికా కేబిన్ సిబ్బందిలో రొమ్ము క్యాన్సర్, చర్మ క్యాన్సర్లు సాధారణ జనాభాలో కన్నా ఎక్కువగా కనిపించాయి. కారణం కిరణాలా, రాత్రి డ్యూటీలా, రెండూ కలిసా అన్నది తేల్చడం కష్టం. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కావచ్చునని 2007లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించిన సంగతిని మాత్రం ఇక్కడ జ్ఞాపకం పెట్టుకోవాలి.

అలసట

2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి వచ్చిన విమానం మంగళూరులో కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. విచారణలో కాక్‌పిట్ శబ్దాల రికార్డును విన్నారు. రెండు గంటలకు పైబడిన ఆ రికార్డులో మొదటి గంటా నలభై నిమిషాల సేపు ఇద్దరు పైలట్ల మధ్య మాటల్లేవు. కెప్టెన్ గురక వినిపించింది. దిగే సమయానికి లేచాడు. విమానం ఉండాల్సిన ఎత్తు కన్నా బాగా పైన ఉంది. ఈ దిగడం సరిగా లేదు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ హెచ్చరించాడు. కెప్టెన్ ఆగలేదు. గాఢనిద్ర నుంచి అప్పుడే లేచిన మెదడు మందకొడితనం ఆ నిర్ణయానికి తోడ్పడిందని విచారణ సంఘం పేర్కొంది.

ఆ కెప్టెన్‌ను నిందించడం తేలిక. అతని స్థానంలో మన శరీరాన్ని ఊహించుకోవడం కష్టం. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషి శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం అత్యల్ప స్థాయికి పడిపోతాయి. ఈ లయను నడిపించే జన్యువులను వివరించినందుకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన రహదారి మీద లారీలు నడిపేవారిని అడగండి. తెల్లవారుజామున కళ్లు తెరిచే ఉంటాయి, ముందున్న బండి మాత్రం కనిపించదని చెబుతారు. ఆ క్షణాన తాను నిద్రలోకి జారానని డ్రైవరుకు తెలియదు. తెలిసి ఉంటే బండి పక్కకు తీసేవాడు.

పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో రోడ్డు మీద వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. పైలట్‌కైతే అసలు మద్యం ఉండకూడదు. ఎగరబోయే ముందు శ్వాస పరీక్ష చేస్తారు, కొద్దిగా దొరికినా దింపేస్తారు. అంతే హాని చేసే నిద్రలేమిని కొలిచే పరికరం ఏ విమానాశ్రయం గేటు దగ్గరా లేదు. పరికరం లేదు కాబట్టి దాని స్థానంలో నిలబడగలిగేది ఒక్క నియమమే. పని గంటల పరిమితిని నేను యాజమాన్యం దయగానో, యూనియన్ కోరికగానో చూడను. డకోటా తరవాత వచ్చిన పీడన కేబిన్‌కు అది సాటి. లోపలి గాలిని కేబిన్ ఎలా కాపాడుతుందో, లోపలి నిద్రను డ్యూటీ పట్టిక అయిన రోస్టర్ అలా కాపాడాలి.

మన దేశం ఆ దిశగా అడుగులు వేసింది. 1949లో నాగపూర్ కేంద్రంగా రాత్రి టపా విమానాలు మొదలైనప్పుడు అర్ధరాత్రి ఎగరడం ఒక సాహసం, గర్వకారణం. ఈనాడు అది లక్షలాది మంది ప్రయాణికులకు నిత్యకృత్యం. 2024 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ కొత్త నియమాలు ప్రకటించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు అని విస్తరించింది. రాత్రి డ్యూటీలో పైలట్ చేసే ల్యాండింగుల సంఖ్యను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. వాయిదాలు పడి, న్యాయస్థానం దాకా వెళ్లి, ఆ నియమాలు 2025లో రెండు దశల్లో అమలుకు వచ్చాయి. నవంబరులో రెండో దశ మొదలైన కొద్ది వారాలకే, డిసెంబరు మొదట్లో, దేశంలోని అతిపెద్ద విమాన సంస్థ ఇండిగోలో సిబ్బంది చాలక వేలాది సర్వీసులు రద్దయ్యాయి. ప్రయాణికులు విమానాశ్రయాల్లో రోజుల తరబడి అగచాట్లు పడ్డారు. చివరికి ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల్లో కొంతకాలం సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆ సమయంలో పౌర విమానయాన శాఖ శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతిలో ఉంది. ఇది ఒక మంత్రినో ఒక సంస్థనో తప్పుపట్టి ముగించే విషయం కాదు. కేబిన్‌లో పీడనం లేకుండా కొన్ని వారాలు విమానం నడుపుకోవచ్చని ఏ ప్రభుత్వమూ అనుమతించదు, ఏ ప్రయాణికుడూ ఒప్పుకోడు. నిద్ర విషయంలో మాత్రం అది సాధ్యమైంది. ప్రాణవాయువును మనం శాస్త్రంగా ఒప్పుకున్నాం. అలసటను ఇంకా బేరసారాల వస్తువుగానే చూస్తున్నాం. తేడా అక్కడుంది.

అలసటను క్రమపద్ధతిలో ఎదుర్కోవచ్చని కూడా శాస్త్రమే చెప్పింది. సుదూర విమానాల్లో పైలట్లకు వంతులవారీగా నలభై నిమిషాల విరామం ఇచ్చి నాసా చేసిన పరిశీలనలో, సగటున 26 నిమిషాల కునుకు తీసినవారి పనితీరు, చురుకుదనం గణనీయంగా మెరుగయ్యాయి. ముందుగా ప్రకటించి, రెండోవారు మెలకువగా ఉండగా తీసే కునుకు రక్షణ. ఎవరికీ చెప్పకుండా ముంచుకొచ్చే నిద్ర ప్రమాదం. మొదటిదాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చూసే చోట రెండోది తప్పదు.

మనసు

మూడో మెట్టు అన్నిటికన్నా కష్టమైనది. 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ ఉద్దేశపూర్వకంగా కూల్చగా 150 మంది చనిపోయారు. ఆ సమయంలో అతను మానసిక అనారోగ్యంతో ఉన్నాడని వైద్యులకు తెలుసు, సంస్థకు తెలియదు. ఆ ఒక్క ఘటనను చూసి మానసిక వేదన ఉన్నవారందరినీ అనుమానించడం అన్యాయం, అశాస్త్రీయం. అలాంటి నేరాలు అత్యంత అరుదు. ఆ ఘటన వెనకాల ఉన్న మౌనం మాత్రం అరుదు కాదు. 2016లో హార్వర్డ్ పరిశోధకులు పేరు చెప్పనక్కర్లేని పద్ధతిలో పైలట్లను ప్రశ్నిస్తే, జవాబిచ్చినవారిలో 12.6 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. పేరు చెప్పాల్సిన వైద్య పరీక్షల్లో ఆ మాట ఎంతమంది నోట వస్తుందో మీరు ఊహించగలరు.

ఎందుకు రాదు? వృత్తి పైలట్‌కు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. అందులో ‘టెంపరరీ అన్‌ఫిట్’ అని రాస్తే ఎగరడం ఆగుతుంది. ఎగిరిన గంటలతో ముడిపడిన ఆదాయం ఆగుతుంది. మన సీమలోనూ పొలం తాకట్టు పెట్టో, బ్యాంకు అప్పు తెచ్చో బిడ్డల్ని పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు ఉంటారు. ఆ ఇంటి నుంచి వెళ్లిన యువకుడు నిద్ర పట్టడం లేదని, భయంగా ఉందని ఎవరితో చెప్పుకుంటాడు? దాచుకోవడమే తెలివైన పని అయ్యేలా వ్యవస్థను మనమే కట్టాం. ఎత్తులో ఆక్సిజన్ తగ్గితే కబురు మెదడుకు అందదు. ఇక్కడ కబురు మెదడుకు అందినా నోటిదాకా రాదు. రెండు చోట్లా ఫలితం ఒకటే.

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా 171 కూలి, నేల మీదివారితో కలిపి 260 మంది చనిపోయారు. నాలుగు రోజుల తరవాత, జూన్ 16న, ఆ సంస్థలో 112 మంది పైలట్లు ఒకే రోజు అస్వస్థత సెలవు పెట్టారని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆ సెలవులను కొందరు బలహీనతగా చూశారు. నా దృష్టిలో అది ఆరోగ్యకరమైన సంకేతం. సహచరులను కోల్పోయి, మనసు కుదుటపడని స్థితిలో వందల ప్రాణాల బాధ్యత తీసుకోనన్నవారు తమ వృత్తి ధర్మాన్ని పాటించినవారే.

కర్తవ్యం

చరిత్ర మనకు ఒక క్రమం చూపిస్తోంది. ముందు మనిషిని నిందిస్తాం, తరవాత శరీరాన్ని అర్థం చేసుకుంటాం, చివరికి రక్షణను మనిషి బయట కడతాం. ఆక్సిజన్ విషయంలో మూడు దశలూ దాటాం. అలసట విషయంలో రెండో దశ దాటి మూడో దశ గడప దగ్గర తటపటాయిస్తున్నాం. మనసు విషయంలో మొదటి దశలోనే ఉన్నాం. ఈ మూడింటినీ ఒకే స్థాయికి తేవడం మన తరం పని.

అందుకు కావలసినవి అసాధ్యమైనవి కావు. సిబ్బంది కొరత ఏర్పడినప్పుడు తగ్గించాల్సింది సర్వీసుల సంఖ్యను, విశ్రాంతి గంటలను కాదు. అలసిపోయానని పైలట్ ఇచ్చే నివేదికకు శిక్ష ఉండకూడదు, అలాంటి నివేదికలు ఎన్ని వచ్చాయో ప్రజలకు తెలియాలి. సుదూర మార్గాల్లో పనిచేసేవారి వికిరణ మోతాదును ఆస్పత్రి ఎక్స్‌రే సిబ్బందికి లెక్కకట్టినట్టే లెక్కకట్టాలి. గర్భిణి అయిన ఉద్యోగినికి నేల మీది పని ఇవ్వడం హక్కుగా ఉండాలి. కుంగుబాటుకు చికిత్స తీసుకున్నవారు కోలుకున్నాక తిరిగి కాక్‌పిట్‌లోకి వచ్చే దారి తెరిచి ఉండాలి, ఆ మధ్య కాలంలో ఇంటికి జీతం రావాలి. తోటి పైలట్లే ఆలకించే సహాయ బృందాలను యూరప్ దేశాలు తప్పనిసరి చేశాయి. మన డైరెక్టరేట్ కూడా మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కాగితం దాటి రోస్టర్లలోకి రావాలి.

ఈ పనిలో ప్రయాణికులుగా మనకూ భాగముంది. విమానం రద్దయితే ఆగ్రహించే హక్కు మనకుంది. అలసిన పైలట్‌తో బయలుదేరని విమానాన్ని గౌరవించే బాధ్యత కూడా ఉంది. చౌక టికెట్టు, గంటగంటకూ సర్వీసు, ఎన్నడూ ఆలస్యం కాని ప్రయాణం అన్నీ కావాలని మనం కోరినప్పుడు, దాని ధరను ఎవరి నిద్ర నుంచి చెల్లిస్తున్నారో అడగడం నేర్చుకోవాలి.

ఈ సభ ఎవరికి నివాళి అర్పిస్తోందో వారిలో చాలామందిని ధైర్యం లేకపోవడం బలి తీసుకోలేదు. తమకు ఏమవుతోందో తెలుసుకునే అవకాశం, తెలిసినా ఆగిపోయే అవకాశం వారికి లేకపోయింది. వారి తరవాత కాక్‌పిట్‌లో కూర్చునే తరానికి ‘ఈ పూట నేను ఎగరలేను’ అని చెప్పే హక్కును చట్టంలో, జీతంలో, సమాజ గౌరవంలో భద్రపరచడమే వారికి మనం చెల్లించాల్సిన రుణం.